ఊరికి తీగ, వాడకు బిల్లు

కొల్లేటి గట్టు మీద చేపల చెరువుకు కాపలా ఉండే కూలీ తన ఫోనుకు రీఛార్జి చేయించుకున్న ప్రతిసారీ అందులో కొంత భారత ప్రభుత్వం నిర్వహించే ఒక నిధికి చేరుతుంది. నేను చెబుతున్నది జీఎస్టీ సంగతి కాదు. టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని సార్వత్రిక సేవా బాధ్యత నిధికి చెల్లించాలి. 2002 ఏప్రిల్ నుంచి అమల్లో ఉండి, 2003 చట్ట సవరణతో శాసన ప్రతిపత్తి పొందిన ఈ నిధికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ‘డిజిటల్ భారత్ నిధి’ అని పేరు మార్చింది. కంపెనీలు ఆ సొమ్మును తమ లాభాల్లోంచి త్యాగం చేయవు, చందాదారుల నుంచే రాబట్టుకుంటాయి. అందుచేత మాలపేటలోని రీఛార్జికీ, వడ్డెగూడెంలోని రీఛార్జికీ, కైకలూరు మెయిన్ రోడ్డు మీది మేడలోని రీఛార్జికీ ఈ నిధిలో వాటా ఉంది. వసూలులో కులం లేదు. మరి పంపకంలో?

ఈ నిధితో నడిచే ప్రధాన పథకం భారత్‌నెట్. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, తరువాత పేరు మారింది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన రూపంలో మళ్లీ ఆమోదించారు. ఇంతకాలంలో 2 లక్షలకు పైగా గ్రామ పంచాయతీలకు తీగ చేరిందని ప్రభుత్వం చెబుతోంది. ఆ లెక్కను నేను కాదనడం లేదు. లెక్కకు తీసుకున్న కొలమానం గురించే నా ప్రశ్న. పంచాయతీ కార్యాలయంలో పెట్టె బిగిస్తే ఆ పంచాయతీ ‘సంధానమైనట్టు’ లెక్క. మన పల్లెల్లో పంచాయతీ కార్యాలయం ఎక్కడుంటుందో తెలుగు పాఠకులకు నేను వివరించనక్కరలేదు. రామాలయం ఉన్న వీధిలోనో, పెద్ద రైతుల ఇళ్ల దాపునో, ఊరి నడిబొడ్డునో ఉంటుంది. వాడ ఊరికి దూరంగా ఉంటుంది. కొల్లేటి పల్లెల్లో ఆ దూరం మధ్య కాలువో, చెరువో, వానాకాలంలో మోకాలి లోతు నీరో కూడా ఉంటుంది. కొత్త పథకంలో పంచాయతీ కేంద్రం కాని గ్రామాలకు ‘కోరితే’ ఇస్తామన్నారు. కోరవలసింది ఎవరు? రెవెన్యూ రికార్డులో వాడకు గ్రామమన్న గుర్తింపే లేదు గదా.

ఇది కొత్త వింత కాదు. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజాధనంతో కట్టిన, నిర్వహించే బావులను, చెరువులను, బడులను, కచేరీలను, ఆస్పత్రులను అంటరానివారు వాడుకోవచ్చునన్నది ఆ తీర్మానం. మహాడ్ మునిసిపాలిటీ తన పరిధిలోని చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు కూడా ప్రకటించింది. అయినా 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేల మందితో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ నీరు వారికి అందలేదు. తాగినందుకు దెబ్బలు తిన్నారు, ఆపైన చెరువును ‘శుద్ధి’ కూడా చేశారు. మన రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులను, చెరువులను, స్నానఘట్టాలను పేరుపేరునా చెప్పడం వెనుక ఈ చరిత్ర ఉంది. పూర్తిగానో పాక్షికంగానో ప్రభుత్వ ధనంతో నడిచేవాటి గురించి అది మాట్లాడింది. ఈనాటి ఆప్టికల్ తీగ కూడా ప్రభుత్వ ధనంతో తవ్విన చెరువే. ఇక్కడ తాగవద్దని ఎవరూ కర్ర పట్టుకుని నిలబడరు, ఆ అవసరమూ లేదు. తీగను ఊరి మధ్య ఆపితే చాలు.

2025-26 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో గ్రామీణ ప్రాంతాల్లోని ప్రభుత్వ సెకండరీ పాఠశాలలన్నిటికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నిటికీ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని ఆర్థికమంత్రి ప్రకటించారు. మంచి మాట. అయితే అక్కడ ‘సెకండరీ’ అన్న ఒక్క పదాన్ని గమనించండి. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల దాదాపు ఎప్పుడూ పెద్ద ఊళ్లోనే ఉంటుంది. వాడలో ఉండేది ప్రాథమిక పాఠశాల, అదీ ఒకరిద్దరు టీచర్లతో. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాల్లో తిరిగిన వారెవరికైనా ఈ బొమ్మ తెలుసు. వాడ బడి ఆ వాగ్దానానికి వెలుపల ఉండిపోయింది. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు కూడా ముందుగా బక్కచిక్కినవి ఈ బడులే. 2025లో ఆ జీవోను రద్దు చేశారు గాని, ఒకసారి ఊరి బడికో ప్రైవేటు బడికో అలవాటుపడిన పిల్లలు అంత తేలిగ్గా వెనక్కి రారు.

చిన్నపిల్లల బడికి ఇంటర్నెట్ ఎందుకని అడిగే పెద్దమనుషులు ఉన్నారు. వారు ఒక్కరోజు ఏకోపాధ్యాయ పాఠశాలలో కూర్చుని చూడాలి. టీచరు హాజరు యాప్‌లోనే, పిల్లల హాజరు యాప్‌లోనే, మధ్యాహ్న భోజనం లెక్కా యాప్‌లోనే. ప్రభుత్వం ఆ బడి నుంచి రోజూ ఇంటర్నెట్ ద్వారానే సమాచారం తీసుకుంటుంది. అందుకయ్యే డేటా మాత్రం టీచరు సొంత రీఛార్జిలోంచి పోతుంది. సిగ్నల్ కోసం చెరువు గట్టెక్కి ఫోను పైకెత్తి పట్టుకున్న టీచర్లను నేను చాలాసార్లు చూశాను. అంటే తన అవసరానికి వాడ బడి ఆన్‌లైన్‌లో ఉండాలని ప్రభుత్వానికి తెలుసు. పిల్లవాడి అవసరం దగ్గరకు వచ్చేసరికే ‘ఎందుకు’ అన్న ప్రశ్న పుడుతుంది.

అసలు చిక్కు తీగ దగ్గర కంటే బిల్లు దగ్గర ఎక్కువ. దీనిపై మన చర్చల్లో ఒక్క వాక్యం కూడా వినిపించదు. తీగ వేయడం ఒకసారి అయ్యే ఖర్చు. దానికి శంకుస్థాపన, శిలాఫలకం, ఫొటో ఉంటాయి. బిల్లు నెలనెలా వచ్చే ఖర్చు, దానికి శిలాఫలకం ఉండదు. సమగ్ర శిక్షా మార్గదర్శకాల ప్రకారం బడి రోజువారీ ఖర్చులకు ఇచ్చే మిశ్రమ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే ఏటా 10,000 రూపాయలు, 100 లోపు 25,000, 250 లోపు 50,000, వెయ్యి లోపు 75,000, ఆపైన లక్ష. కరెంటు, నీరు, సుద్దముక్కలు, బోధన సామగ్రి, మరమ్మతులు, ఇంటర్నెట్ అన్నీ ఇందులోంచే. కనీసం 10 శాతం పారిశుధ్యానికి పోవాలి. నెలకు 500 రూపాయల ప్లాను తీసుకున్నారనుకుందాం. 18 శాతం జీఎస్టీతో ఏడాదికి 7,080 రూపాయలు. పాతికమంది పిల్లలున్న వాడ బడికి వచ్చే 10,000లో పారిశుధ్యానికి వెయ్యి తీసి, ఈ బిల్లు కడితే మిగిలేది 1,920. మూడు వందల మంది ఉన్న ఊరి హైస్కూలుకు అదే బిల్లు దాని గ్రాంటులో పదో వంతు కూడా కాదు. తీగ ఒకటే, ధర ఒకటే, భారం ఒకటి కాదు. ఏ హెడ్‌మాస్టరైనా రెండు మూడు నెలలు కట్టి ఊరుకుంటాడు, కనెక్షన్ తెగిపోతుంది. నివేదికలో మాత్రం ‘సౌకర్యం కల్పించబడినది’ అని ఉంటుంది.

దేశవ్యాప్తంగా ఇంటర్నెట్ ఉన్న పాఠశాలలు 2023-24లో 53.9 శాతమనీ, 2024-25లో 63.5 శాతానికి పెరిగాయనీ యూడైస్ లెక్కలు చెబుతున్నాయి. పెరుగుదల సంతోషకరమే. మిగిలిన మూడో వంతుకు పైగా బడులు ఏ వీధుల్లో ఉన్నాయో చెప్పే గడి కూడా ఆ పట్టికలో ఉంటే బాగుండేది.

కొల్లేరు ప్రజలకు ఈ కథ కొత్త కాదంటాను. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటి భూముల్లో చేపల చెరువులు తవ్వించి సహకార సంఘాల పేరున వడ్డెలకు, దళితులకు అప్పగించింది. ఆ నిర్ణయం వెనుక సదుద్దేశమే ఉంది. అయితే చెరువు ఇస్తే సరిపోదు. ఏటేటా చేపపిల్ల కొనాలి, మేత వేయాలి, నీరు తోడాలి, గట్టు కాపాడాలి. ఆ నడిపే ఖర్చు సంఘాల దగ్గర లేదు, ఇచ్చే బ్యాంకూ లేదు. పెట్టుబడి ఉన్న కులాలవారు లీజుకు వచ్చారు. కొద్ది ఏళ్లలో పట్టా పేదవాడి పేరున, పంట పెట్టుబడిదారుడి ఇంట అన్న స్థితి స్థిరపడింది. తన పేరున ఉన్న చెరువులోనే కూలికి వల లాగిన తరాలు ఇక్కడున్నాయి. 1999లో ఐదో కాంటూరు దాకా సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’లో గట్లు పేల్చారు. లీజుదారు తన పెట్టుబడిని మరోచోటికి మార్చుకున్నాడు, పేరున్నవాడు పేరుతో మిగిలాడు. వనరును ఇచ్చి దాన్ని నడిపే ఖర్చును ఇవ్వకపోతే ఆ వనరు ఎవరి చేతికి పోతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద పాఠం మన రాష్ట్రంలో దొరకదు. తీగ వేసి బిల్లు వదిలేయడం కూడా అదే పద్ధతి.

బిల్లును ప్రభుత్వం భరించడం అసాధ్యమేమీ కాదు. మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభమైన జాతీయ విద్యా ఐసీటీ మిషన్ కింద కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు బీఎస్ఎన్ఎల్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారా కనెక్షన్లు ఇచ్చారు. ఖర్చులో 75 శాతం కేంద్రం, 25 శాతం సంస్థ. రాయితీ బిల్లు మీదే. అయితే అది కాలేజీ గేటు దగ్గరే ఆగింది, బడికీ గ్రంథాలయానికీ దిగిరాలేదు. పైగా ఈశాన్య రాష్ట్రాలకు ఎక్కువ రాయితీ ఇవ్వడం తప్ప, సంపన్న కాలేజీకీ, దళిత బహుజన పిల్లలతో నిండిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీకీ ఒకే వాటా.

ఇక్కడ అమెరికా అనుభవం పనికొస్తుంది. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టంతో అక్కడ పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఫోను, ఇంటర్నెట్ సేవలపై రాయితీ మొదలైంది. దాన్ని ‘ఇ-రేట్’ అంటారు. మన నిధిలాగే అక్కడా డబ్బు టెలికాం కంపెనీల నుంచే వస్తుంది. రాయితీ 20 శాతం నుంచి 90 శాతం దాకా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఏ మెట్టన్నది రెండు విషయాలు తేలుస్తాయి. బడి గ్రామీణ ప్రాంతంలో ఉందా, ఆ బడిలో ఎంతమంది పిల్లలు ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులు. బడి ఎంత పేదదైతే బిల్లు అంత తక్కువ. పైన చెప్పిన 7,080 రూపాయల బిల్లుకు 90 శాతం మెట్టు వర్తిస్తే బడి కట్టేది 708. ఆ నిధి రాజ్యాంగబద్ధతనే సవాలు చేస్తూ కొందరు కోర్టుకెక్కితే, 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో నిధిని నిలబెట్టింది. అది మచ్చలేని పథకం కాదు. దరఖాస్తుల చిక్కులు ఎక్కువ, చిన్న గ్రంథాలయాలు ఆ కాగితాలకు భయపడి దూరంగా ఉండిపోయిన సందర్భాలున్నాయి, కాంట్రాక్టర్ల మోసాలూ బయటపడ్డాయి. మనం తీసుకోవలసింది ఆ కాగితాలను కాదు, మెట్ల సూత్రాన్ని.

మన దగ్గర భోజనం కొలమానం కాలేదు. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం అందరికీ ఉంది, ఉండాలి కూడా. మన పేదరికానికి చిరునామా ఉంది, ఆ చిరునామా కులానిది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం ‘ఎస్సీ ఆవాసం’ అన్న మాటను నిర్వచించింది. జనాభాలో ఎస్సీలు 40 శాతానికి తగ్గకుండా ఉన్న ఆవాసమని. ఆ చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. అంటే వాడను గుర్తించే చట్టబద్ధమైన కొలత చేతిలో ఉంది. దానికి బీసీ-ఏలో ఉన్న వడ్డెల వంటి మత్స్యకార కులాల ఆవాసాలను, ఎస్టీ ఆవాసాలను కలిపి మెట్లు గీయడానికి కొత్త సర్వే ఏదీ అక్కరలేదు. చట్టప్రకారం ఉపప్రణాళిక సొమ్ము ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు నేరుగా, లెక్కకు అందేలా మేలు చేయాలి. అందరికీ వర్తించే పథకాల ఖర్చును ఉపప్రణాళిక ఖాతాలో రాసుకునే అలవాటు ప్రభుత్వాలకు ఎంతగా ఉందో దళిత సంఘాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. వాడ బడి బిల్లును మించి నేరుగా లెక్కకు అందే మేలు ఏముంటుంది?

‘అందరి దగ్గరా ఫోన్లున్నాయి గదా, బడికీ గ్రంథాలయానికీ ఎందుకు’ అన్న వాదన చదువుకున్నవారి నుంచే వస్తోంది. ఇంట్లో ఫోనుండడం వేరు, పిల్లల చేతికి చదువు కోసం ఫోను రావడం వేరు. ఆ ఫోను తెల్లవారుజామునే తండ్రితోపాటు చెరువుకు వెళ్తుంది. రాత్రి వచ్చేసరికి అందులో డేటా ఉండదు, లేదా ఆ ఫోను మొదట అన్నకు, తరువాత తమ్ముడికి, చివరికి మిగిలితే ఆడపిల్లకు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచినప్పుడు తగ్గించుకున్నది ఎవరి వాడకాన్నో వేరుగా చెప్పాలా? పైగా అర అడుగు తెర మీద పరీక్షకు సిద్ధం కావచ్చునేమో గాని, పరీక్ష రాయలేము. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే. 2025 వేసవిలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ కంప్యూటర్ మీదే. నగరపు కోచింగ్ కేంద్రంలో వందల మాక్ టెస్టులు రాసినవాడితో, పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పట్టుకున్న కొల్లేటి అమ్మాయి పోటీ పడుతుంది. ఫలితాలు వచ్చాక దానికి ‘ప్రతిభ’ అని పేరు పెడతాం.

2019లో ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యతా హక్కులోనూ భాగమని చెప్పింది. ఆమె హాస్టల్ విద్యార్థిని, సాయంత్రం వేళ ఫోను లాక్కోవడాన్ని ఎదిరించింది. మన సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో ఉన్న పిల్లలకు లాక్కోవడానికైనా ఏమీ లేదు. రాయితీకి అర్హమైన ‘గ్రంథాలయం’ నిర్వచనంలో ఆ వసతి గృహాల చదువు గదులు కూడా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

గ్రంథాలయం మాట వచ్చింది కాబట్టి మన గొప్పను కొంత చెప్పుకోవాలి, కొంత ప్రశ్నించుకోవాలి. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆ ఆలోచన నీటి మధ్య బతికే కొల్లేటి పల్లెలకు ఈనాటికీ సరిపోతుంది. ఆ రోజుల్లో రేవులకూ కులం ఉండేదన్న సంగతినీ మరవకూడదు. ఆ ఉద్యమ ఫలంగానే 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. దళితవాడలోని రెండు గదుల ఇంటి మీద కూడా ఈ 8 పైసలు పడతాయి. దాంతో నడిచే శాఖా గ్రంథాలయం మండల కేంద్రంలో ఉంటుంది, సాయంత్రం వేళ కూలి దిగి వచ్చేసరికి మూసే వేళ అవుతుంది. వసూలైన సెస్సును పంచాయతీలు, పురపాలక సంఘాలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా తమ ఖర్చులకు వాడుకోవడం ఏళ్లుగా పత్రికల్లో వస్తున్న వార్తే. కైకలూరు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా పేరు మారినా బకాయిల పద్ధతి మారదు. మొన్నటి ప్రభుత్వం ఊరూరా డిజిటల్ గ్రంథాలయమని ప్రకటించి ఉపాధి హామీ నిధులతో భవనాలు మొదలుపెట్టింది. పిల్లర్ల దగ్గర ఆగినవి ఎన్నో ఉన్నాయి. కొత్త ప్రభుత్వం వాటిని పాత ప్రభుత్వపు ఆనవాళ్లుగా చూస్తోంది. వాడకు మాత్రం అవి తన సెస్సుకు రావలసిన గోడలు.

బడికి కులమేమిటి, రాయితీ అందరికీ ఒకేలా ఇవ్వండి అనే మిత్రులకు ఒక మాట. అందరికీ ఒకేలా ఇచ్చిన పథకాన్ని మనం ఇప్పటికే చూశాం. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోను, టీవీ చానళ్లు అన్నారు. ధర చౌక, ఆలోచన మంచిది. కాని ఆ తీగ గిరాకీ ఉన్న చోటికి కేబుల్ ఆపరేటరు ద్వారా వెళ్లింది. గిరాకీ అంటే కొనగలిగే శక్తి. కొనగలిగే శక్తి ఏ వీధిలో ఉందో దాన్ని కులమే ముందుగా నిర్ణయించి పెట్టింది. చౌక ధర కూడా మెట్టు లేకపోతే పై మెట్టు వాడికే మొదట అందుతుంది.

అందుచేత అడగవలసింది స్పష్టంగా అడగాలి. డిజిటల్ భారత్ నిధి నుంచి ప్రభుత్వ బడుల, శాఖా గ్రంథాలయాల, సంక్షేమ వసతి గృహాల నెలవారీ బిల్లుకు రాయితీ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార ఆవాసాల్లోని ప్రాథమిక బడికి అది 100 శాతం ఉండాలి, పెద్ద ఊళ్ల హైస్కూళ్లకు తగ్గుతూ రావచ్చు. సొమ్ము హెడ్‌మాస్టరు ఖాతాకు వచ్చి, ఆయన ఫారాలు నింపి, తిరిగి కట్టే పద్ధతి వద్దు. నిధి నుంచి కంపెనీకి నేరుగా వెళ్లాలి. పంచాయతీ కార్యాలయం నుంచి వాడ బడి దాకా మిగిలిన ఆ కొద్దిపాటి తీగను ఉపప్రణాళిక నుంచి వేయవచ్చు. తీగ చేరిందా లేదా అన్నదానికి బదులు, నెలలో ఎన్ని రోజులు పనిచేసిందో ఆవాసం వారీగా లెక్క ప్రకటించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో కొల్లేటి లంక గ్రామాలు నీట మునిగి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగినప్పుడు బయటి లోకంతో ఆ పల్లెలకు మిగిలిన దారి ఫోను ఒక్కటే. ఆ బడులు, ఆ గ్రంథాలయాలే అప్పుడు సహాయ కేంద్రాలు కూడా.

విద్యార్థి సంఘాలు దీన్ని ఢిల్లీ దాకా తీసుకువెళ్లే లోపు చేయదగ్గ పని ఊళ్లోనే ఉంది. రాబోయే గ్రామసభలో మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా పెట్టండి. మన పంచాయతీలో ఏటా ఎంత గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ అయింది, వాడ బడి ఇంటర్నెట్ బిల్లు గత పన్నెండు నెలల్లో ఎవరు కట్టారు. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద రుసుమేమీ లేకుండానే అదే దరఖాస్తు పంచాయతీ కార్యదర్శికి ఇవ్వవచ్చు.